నా కూతురు నాకు దుబాసీ అయిన రోజులు

స్కూలు గేటు దగ్గర పిల్లల కోసం నిలబడినప్పుడు తోటి తల్లులు నన్ను అడిగే ప్రశ్నలు ఎప్పుడూ మూడే. "చైనాలో నిజంగా పాములూ కప్పలూ తింటారా?" "మరి మీరేం తిన్నారు?" "మీ పాపకి ఆ బొమ్మల్లాంటి అక్షరాలు రాయడం వచ్చా?" మొదటి రెండింటికీ గేటు తెరిచేలోపే జవాబు చెప్పేయొచ్చు. మూడోది అంత తేలిగ్గా తేలేది కాదు. ఎందుకంటే మా పాపకి అక్షరాలు వచ్చాయి, నాకు రాలేదు. ఒకే ఇంట్లో కూతురు చదువుకున్నదీ, తల్లి చదువురానిదీ అయితే ఏమవుతుందో దాదాపు ఐదేళ్లు చూశాను. ఈ పేజీకి ఏదైనా రాయమన్నప్పుడు దాని గురించే రాయాలనిపించింది.

మావారిది హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో ముడిసరుకు కొనుగోలు చేసే ఉద్యోగం. మన దగ్గర తయారయ్యే ఎన్నో మందులకు కావలసిన ముడిపదార్థాలు చైనా నుంచే వస్తాయి. అందుకని ఇక్కడి కంపెనీలు కొన్ని అక్కడ తమ మనుషుల్ని పెట్టుకుంటాయి. అలా 2015 మార్చిలో మేం షాంఘై వెళ్లాం. పాపకి అప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. ఊరికి తూర్పున పుతోంగ్ అనే ప్రాంతంలో, జాంగ్‌జ్యాంగ్ అనే పేటలో ఇల్లు తీసుకున్నాం. మందుల కంపెనీలూ సాఫ్ట్‌వేర్ కంపెనీలూ ఎక్కువగా ఉండే చోటు అది. మెట్రో రెండో లైనులో మన భాషలు అప్పుడప్పుడూ చెవిన పడేవి.

జేబులో చీటీ

విదేశీయులు చైనాలో దిగిన 24 గంటల్లోగా పోలీస్‌స్టేషన్‌లో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఇంటి యజమాని కాగితాలూ, మన పాస్‌పోర్టులూ పట్టుకుని వెళితే ముద్ర వేసిన ఒక కాగితం ఇస్తారు. ఆ తర్వాత వైద్య పరీక్షలు, నివాస అనుమతి. ఆ కాగితాలన్నీ చేతికొచ్చాక ఇక ఇబ్బందేం ఉండదనుకున్నాను. అసలు ఇబ్బంది కాగితాలతో కాదని ఇంటి బయట అడుగుపెట్టాక తెలిసింది.

నేను ఎం.కామ్. చదివాను. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. అలాంటి నేను ఉప్పు ప్యాకెట్‌కీ పంచదార ప్యాకెట్‌కీ తేడా తెలియక రెండూ చేత్తో నలిపి చూసేదాన్ని. లిఫ్టులో అంటించిన నోటీసు నీళ్లు ఆగిపోతాయని చెబుతోందో, సంక్రాంతి ముగ్గుల పోటీ లాంటిదేదో పెడుతున్నామని చెబుతోందో తెలిసేది కాదు. గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ అక్కడ మామూలుగా పనిచేయవు. గుంటూరులో మా అమ్మా నాన్నా ఫోన్లలో వీచాట్ పెట్టించి, రోజూ సాయంత్రం దాన్లోనే మాట్లాడేదాన్ని. వాళ్లకి మూడు గంటలైతే మాకు ఐదున్నర.

బయటికెళ్లేటప్పుడు మా ఇంటి చిరునామా చైనీస్‌లో రాసిన చీటీ ఒకటి పర్సులో పెట్టుకునేదాన్ని. టాక్సీ అతనికి చూపించాలంటే అదే ఆధారం. మా అమ్మమ్మ తెనాలి బస్టాండులో ప్రతి కండక్టర్నీ "బాబూ, ఈ బస్సు ఎక్కడికి?" అని అడగడం నాకు గుర్తుంది. బోర్డు మీద అంత పెద్ద అక్షరాలుంటే మళ్లీ అడగడమేంటని చిన్నప్పుడు నవ్వుకునేవాళ్లం. వేలిముద్ర వేసే మనిషి ఊళ్లో ఎలా తిరుగుతుందో నాకు ముప్పై నాలుగేళ్ల వయసులో, చీటీ పట్టుకుని నిలబడ్డాక అర్థమైంది.

కూరల బజారులో కాస్త ఊపిరి

మాట రాకపోయినా బెరుకు లేకుండా తిరిగిన మొదటి చోటు కూరల బజారు. అక్కడ ధర కిలోకి చెప్పరు, "చిన్" అనే లెక్కకి చెబుతారు. ఒక చిన్ అంటే అరకిలో. అంకెలు ఒక్క చేత్తోనే చూపిస్తారు. ఐదు వరకూ మనలాగే. ఆరుకి బొటనవేలూ చిటికెనవేలూ చాపుతారు, మనం ఫోన్ చేయమని సైగ చేసినట్టు. ఎనిమిదికి బొటనవేలూ చూపుడువేలూ చాపుతారు, పిల్లలు తుపాకీ ఆట ఆడినట్టు. ఈ సైగలు నేర్చుకుంటే సగం బజారు మన చేతుల్లోకి వచ్చినట్టే.

రెండో సగం కూరల గంపల్లోనే దొరికింది. మే నెల రాగానే ఎర్ర తోటకూర కట్టలు వచ్చాయి. వాళ్లు వెల్లుల్లి వేసి వేయించి తింటారు. దాని రసంతో అన్నం ఎర్రగా అవుతుందని అక్కడి పిల్లలకూ ఇష్టమే. తూటికూర ఉంది. దాని కాడ లోపల బోలుగా ఉంటుంది కదా, వాళ్లు దానికి పెట్టిన పేరుకి అర్థం "గుండె బోలు కూర". కాకర, బీర, సొర, అల్లం, కొత్తిమీర, అన్నీ ఉన్నాయి. టమాటా, గుడ్డు కలిపి చేసే కూర అక్కడ ప్రతి ఇంట్లోనూ వండుతారు. కాకపోతే షాంఘై వాళ్లు అందులో కాస్త పంచదార వేస్తారు. పొద్దున వీధి చివర పెనం మీద పిండి పలచగా తిప్పి, పైన గుడ్డు కొట్టి, కొత్తిమీర, ఉల్లికాడలు చల్లి మడిచి ఇచ్చే "జ్యెన్‌పింగ్" ఉంటుంది. పెసరపిండి కలిపి చేసే రకం కూడా ఉంది. మొదటిసారి తిన్నప్పుడు మా పాప "గుడ్డు పెసరట్టు" అంది. నాకు మారుమాట తోచలేదు.

ఇంతకీ మేం తిన్నది ఇదే. పాములు మా పేట బజారులో నేనెప్పుడూ చూడలేదు. కప్పలు చూశాను. పక్క వరసలోకి తిరిగిపోయాను. అంతే.

కందిపప్పు, చింతపండు, కరివేపాకు మాత్రం భారతీయ సరుకుల దుకాణం నుంచి తెప్పించుకోవాల్సిందే. కరివేపాకు మొక్క ఒకటి ఊళ్లోనే ఉన్న తమిళ కుటుంబం ఇచ్చింది. షాంఘై చలికాలంలో చలి ఎముకల్లోకి దిగుతుంది. ఉత్తర చైనాలో ఉన్నట్టు ఇళ్లను వేడిచేసే ప్రభుత్వ ఏర్పాటు అక్కడ ఉండదు. చలి మొదలవగానే ఆ కుండీని బాల్కనీ నుంచి వంటింట్లోకి మార్చేవాళ్లం.

ఎదురింటి నైనై

మా అంతస్తులో ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉండేది. కొడుకు, కోడలు ఉద్యోగాలకు వెళితే మనవణ్ణి ఆవిడే చూసుకునేది. చైనీస్‌లో నాన్నగారి అమ్మని "నైనై" అంటారు. పక్కింటి పెద్దావిడనీ పిల్లలు అలాగే పిలుస్తారు. మా పాపకి ఆ మాట "నాయనమ్మ"లో సగం ముక్కలా వినిపించిందేమో, మొదటి రోజు నుంచే అలవోకగా పిలిచేసింది. ఇంగ్లిష్‌లో అందరూ అంకులే, అందరూ ఆంటీయే. చైనీస్‌లో అలా కాదు. పెదనాన్న వేరు, చిన్నాన్న వేరు, మేనమామ వేరు, మేనత్త వేరు. అక్క వేరు, చెల్లి వేరు. ఇంటిపేరు కూడా మనలాగే ముందు, అసలు పేరు తర్వాత. ఇవేవీ మా పాపకి కొత్తగా నేర్పాల్సి రాలేదు.

నైనై షాంఘైలో ఒక బట్టల మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. నన్ను చూస్తే మొదట అడిగేది "తిన్నావా?" అని. రెండోది "వేడినీళ్లు తాగుతున్నావా?" అని. జలుబుకీ వేడినీళ్లే, కడుపునొప్పికీ వేడినీళ్లే, బెంగకీ వేడినీళ్లే. మా అత్తగారు ఫోన్‌లో ఈ సంగతి విని "ఆవిడెవరో మనింటి మనిషిలా ఉందే" అన్నారు. ఒకసారి ఆవకాయ ముక్క రుచి చూపించాను. షాంఘై వంటల్లో తీపి ఎక్కువ, కారం తక్కువ. నైనై కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా ముక్క వదలకుండా చీకి, టెంక బయటపెట్టి, "మంచి పళ్లున్న వయసులో ఇచ్చి ఉండాల్సింది" అంది.

డిక్టేషన్

2016 సెప్టెంబరులో పాప ఒకటో తరగతిలో చేరింది. ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఫీజు ఏడాదికి రెండు లక్షల యువాన్ల పైమాట. మా కంపెనీ అది ఇచ్చేది కాదు. అందుకని మా పేటలో విదేశీ పిల్లల్ని చేర్చుకునే ఒక మామూలు ప్రభుత్వ పాఠశాలలో వేశాం.

పిల్లల బ్యాగులో ఒక ప్రత్యేకమైన కాపీరైటింగ్ పుస్తకం ఉంటుంది. ప్రతి గడినీ మధ్యలో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి నాలుగు భాగాలు చేస్తారు. ఆ గడి ఆకారం "పొలం" అనే అక్షరంలా ఉంటుంది కాబట్టి దాన్ని పొలం గడి అంటారు. ఒక్కో అక్షరం ఒక్కో మడిలో సరిగ్గా కూర్చోవాలి. ఏ గీత ముందు, ఏ గీత వెనక అన్నదానికీ క్రమం ఉంది. ఆరేళ్ల ప్రాథమిక చదువు పూర్తయ్యేసరికి పిల్లలు సుమారు 3,000 అక్షరాలు గుర్తుపట్టాలి, వాటిలో సుమారు 2,500 రాయగలగాలి అని అక్కడి పాఠ్యప్రణాళిక చెబుతుంది. మన యాభై ఆరు అక్షరాలకూ గుణింతాలకూ ఆపసోపాలు పడ్డవాళ్లం, ఆ లెక్క వింటే గుండె జారిపోతుంది.

దీనికి తోడు రోజూ ఇంట్లో డిక్టేషన్. ఆ రోజు పాఠంలోని మాటల్ని తల్లో తండ్రో చదవాలి, పిల్ల రాయాలి, తప్పులు దిద్దాలి, కింద సంతకం పెట్టాలి. మర్నాడు టీచర్ ఆ సంతకం చూస్తుంది. తరగతి వీచాట్ గ్రూపులో సాయంత్రం హోంవర్క్ రాగానే నలభై మంది తల్లిదండ్రులు వరసగా "అందింది" అని కొడతారు. మన వాట్సాప్ గ్రూపుల్లో చేతులు జోడించిన బొమ్మలు వచ్చినట్టే. నేనూ "అందింది" అని కొట్టేదాన్ని. ఫోన్‌లో అనువాదం నొక్కి హోంవర్క్ ఏమిటో తెలుసుకునేదాన్ని. కానీ డిక్టేషన్ చెప్పడం ఎలా? ఆ మాటల్ని నేనే చదవలేను. మావారు నెలలో సగం రోజులు ఫ్యాక్టరీల తనిఖీకి వేరే ఊళ్లలో ఉండేవారు.

రెండో వారంలో పాప పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మా, నీకు రాదుగా, నేనే చూసి రాసేస్తా, నువ్వు సంతకం పెట్టు" అంది. కోపంగా అనలేదు. నా పని తేలిక చేయాలని, జాలిగా అంది. ఆరేళ్ల పిల్ల కళ్లల్లో నా మీద జాలి చూడటం అదే మొదటిసారి. పుస్తకం పట్టుకుని ఎదురింటి తలుపు కొట్టాను.

ఆ రాత్రి నుంచి ఒక ఒప్పందం కుదిరింది. రాత్రి ఏడు గంటలకు నైనై వాళ్ల భోజనాల బల్ల దగ్గర మా పాపకి ఆవిడ డిక్టేషన్ చెబుతుంది. అదే బల్లకి ఇంకో వైపు కూర్చుని వాళ్ల మనవడి చేత నేను ఇంగ్లిష్ పాఠం చదివిస్తాను. మధ్యలో ఒక పళ్లెంలో పుచ్చగింజలు. నైనైది షాంఘై యాస. ఆ ఊరి భాష వేరు, బడిలో నేర్పే ప్రామాణిక చైనీస్ వేరు. అక్కడి పెద్దవాళ్లకు "ష" సరిగ్గా పలకదు, "స" అంటారు. ఆవిడ ఒక మాట చెబితే మనవడూ మా పాపా ఒకేసారి "ష, నైనై, ష" అని దిద్దేవాళ్లు. ఆవిడ నవ్వి "సరే, స" అనేది. చదువు వచ్చిన మనిషికీ రానిది ఒకటి ఉంటుందని పిల్లలు ఆ బల్ల దగ్గరే చూశారు. నాకూ కాస్త ధైర్యం వచ్చింది.

దుబాసీ

పిల్లలకి భాష వాన నీళ్లు ఇంకినట్టు ఇంకిపోతుంది. ఏడాది తిరిగేసరికి మా పాప మా ఇంటికంతటికీ దుబాసీ అయింది. గ్యాస్ మీటరు చూసేవాడొస్తే తనే మాట్లాడేది. కొరియర్ వాడు ఫోన్ చేస్తే తనే చెప్పేది. మొదట్లో మురిసిపోయాం. వచ్చినవాళ్లకి గొప్పగా చెప్పుకునేవాళ్లం.

పేరెంట్స్ మీటింగులోనూ తనే దుబాసీ. టీచర్ మూడు నిమిషాలు మాట్లాడింది. మధ్యలో పుస్తకం తెరిచి రెండు చోట్ల వేలు పెట్టి చూపించింది. మా పాప అంతా విని, నా వైపు తిరిగి, "బాగానే చదువుతున్నానంట" అంది. ఆ మూడు నిమిషాల్లో ఇంకేముందో ఇప్పటికీ నాకు తెలియదు. ఇంటికొచ్చి మావారితో చెప్పి నవ్వుకున్నాం.

నవ్వలేని రోజు ఒకటి వచ్చింది. 2017 డిసెంబరులో పాపకి జ్వరం, రెండు రోజులైనా తగ్గలేదు. మావారు వేరే ఊళ్లో ఉన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లాను. ముందు పేరు రాయించుకుని డబ్బు కట్టాలి, డాక్టర్ని చూడాలి, మళ్లీ డబ్బు కట్టి రక్తపరీక్షకి వెళ్లాలి, రిపోర్టు పట్టుకుని మళ్లీ డాక్టర్ దగ్గరికి రావాలి. ప్రతి కిటికీ దగ్గరా అడిగేవాళ్లు నా మొహం చూసి, తర్వాత కిందికి, పిల్ల మొహం చూసేవాళ్లు. నా భుజానికి ఆనుకుని, కళ్లు మూతలు పడుతుంటే ఆ పిల్లే జవాబులు చెప్పింది. "అమ్మా, నాకు రక్తం తీస్తారంట" అని తన సూది సంగతి తనే నాకు తెలుగులో చెప్పింది. ఏడవడానికి కూడా దానికి తీరిక లేదు.

తర్వాత డాక్టర్ ఏదో అడిగింది. పాప తెల్లమొహం వేసింది. డాక్టర్ మళ్లీ అడిగింది. పాప నా వైపు చూసి, "అమ్మా, ఆ మాట నాకు తెలీదు" అంది. ఏడేళ్ల పిల్ల బడిలో చెట్లు, పిట్టలు, రంగులు నేర్చుకుంటుంది కానీ ఆ మాట ఎందుకు నేర్చుకుంటుంది? ఫోన్‌లో ఆ మాట డాక్టర్ చేతే పలికించి చూస్తే "అలర్జీ". పాపకి ఏదైనా మందు పడదా అని అడుగుతోంది. పాపకి రెండేళ్లప్పుడు ఒక యాంటీబయాటిక్‌తో ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఆ సంగతి దానికి తెలియదు, నాకు తెలుసు. తెలిసిన నాకు మాట రాదు, మాట వచ్చిన దానికి సంగతి తెలియదు. ఫోన్‌లో మందు పేరు చూపించి, వద్దని చేత్తో సైగ చేసి, మూడుసార్లు చెప్పించి, డాక్టర్ ఎర్ర అక్షరాలతో రాసుకున్నాకే నా ఊపిరి నాకొచ్చింది.

జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. మరుసటి సోమవారం నేను మా పేటలో విదేశీయుల కోసం నడిపే భాషా తరగతిలో చేరాను. వారానికి రెండు రోజులు.

ఒత్తులు కలిసొచ్చాయి

చైనీస్‌లో ఒకే మాటని గొంతు నాలుగు రకాలుగా తిప్పి పలికితే నాలుగు అర్థాలొస్తాయి. "మాయ్" అని గొంతు దించి లేపితే కొనడం, విసురుగా దించితే అమ్మడం. బజారులో ఇంతకంటే చిక్కు ఏముంటుంది! తరగతిలో అందరం ఇక్కడే తడబడేవాళ్లం.

ఒక్క విషయంలో మాత్రం నేను ముందున్నాను. అది మన అక్షరమాల పుణ్యం. చైనీస్ ఉచ్చారణని రోమన్ లిపిలో రాసే పద్ధతిని "పిన్‌యిన్" అంటారు. చైనా ప్రభుత్వం 1958లో దాన్ని ఆమోదించింది. పిల్లలు అక్షరాల పలుకు నేర్చేది దాంతోనే. అందులో "బీ" అని రాసిన అక్షరాన్ని పలికితే మన "ప"లా ఉంటుంది. "పీ" అని రాసింది పెదాలు కలిపి ఒత్తి పలికే "ఫ"లా ఉంటుంది. బీజింగ్ అని మనం అనే ఊరిని అక్కడివాళ్లు అంటే "పెయ్‌చింగ్" అన్నట్టు వినిపిస్తుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ఇది పట్టుకోవడానికి నెలలు తంటాలు పడుతున్నారు. నేను మాత్రం నోట్‌బుక్‌లో ప-ఫ, త-థ, క-ఖ, చ-ఛ అని రాసుకుని పక్కన వాళ్ల అక్షరాలు వేసుకున్నాను. రోజూ మాట్లాడేటప్పుడు ఒత్తులు మింగేస్తాం కానీ, చిన్నప్పుడు మాస్టారు బెత్తం పట్టుకుని పలికించిన ఒత్తులు షాంఘైలో అక్కరకొచ్చాయి.

2018లో విదేశీయులకు పెట్టే చైనీస్ పరీక్ష మూడో మెట్టు రాశాను. అప్పటి పద్ధతిలో దానికి 600 మాటలు రావాలి. పాసయ్యాను. పాప నా సర్టిఫికెట్ చూసి, "ఇవన్నీ ఒకటో తరగతి మాటలే" అంది. అయితే ఆ రాత్రి మొదటిసారి డిక్టేషన్ నేను చెప్పాను. ఇరవై మాటల్లో పదహారు నా అంతట నేను చదివాను. మిగతా నాలుగు తను చెప్పింది. సంతకం పెట్టాను. ఆ పుస్తకంలో అప్పటిదాకా నా సంతకాలు చాలా ఉన్నాయి, కానీ ఏం రాసిందో తెలిసి పెట్టింది అదే మొదటిది.

అక్కడి నుంచి ఊరు తెరుచుకుంది. "దంగల్" సినిమా 2017లో అక్కడ విడుదలై అందరూ చూశారు. టాక్సీ ఎక్కితే చాలు, ఆమిర్ ఖాన్ సంగతి అడిగేవాళ్లు. ఇప్పుడు జవాబు చెప్పగలిగాను. 2019 జులై 1 నుంచి షాంఘైలో చెత్తని నాలుగు రకాలుగా వేరుచేయడం తప్పనిసరి చేశారు. తడి, పొడి, మళ్లీ వాడదగినవి, ప్రమాదకరమైనవి. పొద్దునా సాయంత్రం డబ్బాల దగ్గర పెద్దవాళ్లు కాపలా ఉండి, సంచీ పట్టుకొచ్చిన ప్రతివాళ్లనీ "నువ్వేం చెత్త?" అని అడిగేవాళ్లు. ఊరంతా దాని మీద జోకులే. కోడి ఎముక తడి చెత్త, పెద్ద పంది ఎముక పొడి చెత్త. మునక్కాడ పిప్పి దేంట్లో వేయాలని నేను అడిగితే నలుగురు పెద్దవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, పది నిమిషాలు చర్చించి, తడి అని తీర్పు చెప్పారు. నోటీసు చదవలేని మనిషి ఆ చర్చలో మాట్లాడగలిగిందంటే నాకది చిన్న సంగతి కాదు.

రెండు సూట్‌కేసులు

2020 సంక్రాంతి దాటాక, జనవరిలో వాళ్ల కొత్త సంవత్సరం సెలవులకని రెండు సూట్‌కేసులతో హైదరాబాద్ వచ్చాం. ఫిబ్రవరికి తిరుగు టికెట్లున్నాయి. కరివేపాకు కుండీ నైనైకి అప్పజెప్పాం. "ఈ ఆకు తింటారా, పూజ చేస్తారా?" అని అడిగింది. తింటామంటే, "రోజూ నీళ్లు పోస్తాను" అంది.

తర్వాత జరిగింది మీకందరికీ తెలుసు. ముందు విమానాలు ఆగాయి. మార్చి 28 నుంచి నివాస అనుమతులున్న విదేశీయుల్ని కూడా చైనా రానివ్వలేదు. మావారికి ఇక్కడే పని ఇచ్చారు. ఇల్లు ఖాళీ చేయక తప్పలేదు. నైనై కొడుకు మా సామాన్లు సర్ది, ఎవరికి ఏది ఇవ్వాలో వీడియో కాల్‌లో ఒక్కొక్కటే చూపించి అడిగాడు. పాప పుస్తకాలు మాత్రం ఒక పెట్టెలో కట్టి వాళ్లింట్లో పెట్టాడు. నైనై రోజూ రాత్రి ఏడింటికి వీచాట్‌లో ఒక మాట పలికి పంపేది, డిక్టేషన్. పాప రాసి ఫోటో పంపేది.

2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ ఒకటి. కొన్ని వారాల్లో అది ఆగిపోయింది. అప్పటికి నైనై కొడుకు ఈమెయిల్ మా దగ్గర లేదు. మావారి ఆఫీసు ద్వారా ఆ చిరునామా దొరికేసరికి చాలా నెలలు పట్టింది. తొలి ఈమెయిల్‌లో ఆయన ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాసి, ఒక ఫోటో పెట్టాడు. వంటింటి కిటికీ దగ్గర మా కరివేపాకు మొక్క. పక్కనే నైనై. చేతిలో ఒక కాగితం, దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. పాపని పిలవకుండా నేనే చదివాను. "తిన్నారా?" అని ఉంది.

ఇప్పుడు, ఇక్కడ

ఇక్కడ చేరినప్పుడు మా పాప కథ మళ్లీ మొదటికొచ్చింది. తెలుగు మాట్లాడుతుంది కానీ రాయడం రాదు. తెలంగాణలో 2018 చట్టంతో అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది. పదేళ్ల పిల్ల గుణింతాలు దిద్దుతుంటే తోటి పిల్లలు కొందరు నవ్వారు. ఒకమ్మాయి మాత్రం రోజూ ఫోన్ చేసి ఆ రోజు తెలుగు పాఠం చదివి వినిపించేది. ఆ అమ్మాయి వాళ్లమ్మగారు ఇది చదువుతుంటే, నమస్కారమండీ. మీ అమ్మాయి మా ఇంటికి ఎంత మేలు చేసిందో మీకు పూర్తిగా తెలియకపోవచ్చు.

ఇప్పుడు పాప తొమ్మిదో తరగతి. తెలుగులో మార్కులు బాగానే వస్తున్నాయి. చైనీస్ మరిచిపోతుందేమోనని భయం ఉంది. నెలకోసారి నైనైకి ఉత్తరం రాసి ఫోటో తీసి పంపుతుంది. కొన్ని అక్షరాలు నన్ను అడుగుతుంది. కొన్ని నాకూ గుర్తుండవు. ఇద్దరం కలిసి వెతుక్కుంటాం.

తోటి తల్లిదండ్రులకు రెండు మాటలు. మన బడిలోనూ డైరీ ఇంగ్లిష్‌లో ఉంటుంది. మనలో కొందరు అది పూర్తిగా చదవలేక పిల్లల్నే "ఏం రాశారమ్మా?" అని అడిగి సంతకం పెడతాం. కొన్ని ఇళ్లలో ఆ సంతకం తాతయ్యదో నానమ్మదో. పిల్లలు అబద్ధాలకోరులు కారు, కానీ దుబాసీ పని చిన్న భుజాల మీద పెద్ద బరువు. చెప్పలేనిది వదిలేస్తారు, తెలియనిది మింగేస్తారు. టీచర్ని నేరుగా తెలుగులో అడగండి. ఇందులో నామోషీ లేదు. ఈ పత్రిక రెండు భాషల్లో వస్తోందంటే అందుకే కదా.

రెండోది. ఒడిశా నుంచో, రాజస్థాన్ నుంచో, దుబాయ్ నుంచో మన పిల్లల తరగతికి కొత్తగా ఎవరైనా వచ్చి ఉంటే, వాళ్లమ్మ గ్రూపులో ఎప్పుడూ బొటనవేలి బొమ్మ మాత్రమే పెడుతూ ఉంటే, ఒకసారి ఫోన్ చేసి పలకరించండి. ఆవిడకి మన నోటీసు అర్థమైందో లేదో కనుక్కోండి. ఏం మాట్లాడాలో తోచకపోతే "తిన్నారా?" అని అడగండి. ఏ భాషలోనైనా ఆ ప్రశ్నకి జవాబు వస్తుంది.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని తల్లి, హైదరాబాద్